ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ హెల్త్ చెక్, క్యూరిస్క్3 లెక్క: మా ఇంటి అనుభవం

ఇంగ్లండ్‌లో ఉంటూ నలభై దాటిన తెలుగువాళ్లు ప్రతి ఒక్కరూ ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) హెల్త్ చెక్ చేయించుకోవాలి. నేను దీనికి ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ మిగిలిన ఒకటి ఎందుకు ఇవ్వలేదో కాస్త వివరంగా రాస్తాను, మనలాంటివాళ్లు తెలుసుకోవాల్సింది అక్కడే ఉంది కాబట్టి. "కొలెస్ట్రాల్ నార్మలేనట" అని రిపోర్టు మడిచి బీరువాలో పెట్టేసుకున్నవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే చాలామంది ఉన్నారు. ఆ నార్మల్ ఎవరికి నార్మల్ అన్నది ఎవరూ అడగరు.

మేం ఉండేది రెడింగ్‌లో. మావారిది పాలకొల్లు, నాది తాడేపల్లిగూడెం. ఆయనకి 48, నాకు 44. మా మావయ్యగారు 52 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. సిగరెట్టు ముట్టలేదు, మనిషి సన్నగా ఉండేవారు. ఊళ్లో అందరూ "అంత సన్నటి మనిషికి గుండెపోటేంటి" అన్నారట. ఆ మాట మా అత్తయ్యగారు ఇప్పటికీ అంటుంటారు. అందుకే మా ఇంట్లో ఈ చెకప్ అంటే మొక్కుబడి వ్యవహారం కాదు.

తెలియనివాళ్ల కోసం ముందు వివరాలు. ఈ హెల్త్ చెక్ 2009లో మొదలైంది. 40 నుంచి 74 ఏళ్ల మధ్య ఉండి, అప్పటికే గుండెజబ్బు, స్ట్రోక్, షుగర్, కిడ్నీ జబ్బులాంటివి లేనివాళ్లకి ఐదేళ్లకోసారి ఉచితంగా చేస్తారు. ఇది ఇంగ్లండ్ వరకే. స్థానిక కౌన్సిళ్ల ద్వారా నడుస్తుంది కాబట్టి ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఉంటుంది: కొన్నిచోట్ల జీపీ సర్జరీలో (అంటే ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్‌లో), కొన్నిచోట్ల మందుల షాపులో. సాధారణంగా ఉత్తరమో మెసేజో వస్తుంది. ఇల్లు మారినప్పుడు మా పాత సర్జరీ నుంచి కొత్తదానికి వచ్చేలోపు మా పేర్లు ఎక్కడో జారిపోయాయి, ఎవరూ పిలవలేదు. నేనే ఫోన్ చేసి అడిగితే వెంటనే అపాయింట్‌మెంట్ ఇచ్చారు. కాబట్టి ఉత్తరం కోసం ఎదురుచూడకండి, ఫోన్ చేసి అడగండి.

లోపల జరిగేదంతా అరగంట లోపే. ఎత్తు, బరువు, బీపీ, నాడి. వేలి కొసన సూదితో చిన్న చుక్క రక్తం తీసి అక్కడికక్కడే మిషన్‌లో పెట్టారు, కొన్ని నిమిషాల్లో మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అంటారే అది), ఆ రెండింటి నిష్పత్తి వచ్చేశాయి. పరగడుపున రావాల్సిన పని లేదు. ఆ తర్వాత ప్రశ్నలు: సిగరెట్టు, మందు, వ్యాయామం, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా, ఏ జాతి నేపథ్యం.

మా నర్సు గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడ తల్లిదండ్రులు బార్బడోస్ నుంచి వచ్చి స్థిరపడ్డారట. రెడింగ్‌లో బార్బడోస్ కుటుంబాలు చాలా ఉన్నాయి. మావారి హెచ్‌డీఎల్ 0.9 చూసి, "మీ ఇండియన్లలో ఇది తరచుగా తక్కువే చూస్తుంటాను. మా ఇంట్లో అందరికీ బ్రహ్మాండంగా ఉంటుంది. మమ్మల్ని పట్టుకునేది బీపీ. మా అమ్మకి స్ట్రోక్ వచ్చింది" అంది. కంప్యూటర్‌లో ఉన్నది చదివి చెప్పి ఊరుకోకుండా, తన ఇంటి సంగతి మా ఇంటి సంగతి పక్కపక్కన పెట్టి చెప్పింది. ఆ ఒక్క వాక్యంలో ఉన్నది లండన్‌లో ఏళ్ల తరబడి చేసిన పరిశోధన సారాంశమే అని తర్వాత చదువుకుంటే తెలిసింది.

ఆ పరిశోధన సౌతాల్, బ్రెంట్ ప్రాంతాల్లో 1980ల చివర్లో మొదలైంది. తెల్లవాళ్లనీ, మనవైపు నుంచి వెళ్లినవాళ్లనీ (అక్కడ ఎక్కువమంది పంజాబీలు), కరీబియన్ దీవుల నుంచి వచ్చిన ఆఫ్రికన్ మూలాలవాళ్లనీ పక్కపక్కన పెట్టి చూశారు. మనవాళ్లకి గుండెజబ్బు బాగా ఎక్కువ. మరి కొలెస్ట్రాల్ ఎక్కువా అంటే, తెల్లవాళ్లతో పోల్చితే పెద్ద తేడా లేదు. తేడా ఎక్కడుందంటే పొట్ట దగ్గర పేరుకున్న కొవ్వులో, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడంలో, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) ఎక్కువగానూ హెచ్‌డీఎల్ తక్కువగానూ ఉండటంలో. కరీబియన్ మూలాలవాళ్లలో కూడా షుగర్ చాలా ఎక్కువే, బీపీ ఇంకా ఎక్కువ. అయినా గుండెపోట్లు తెల్లవాళ్ల కన్నా తక్కువ, స్ట్రోకులు ఎక్కువ. వాళ్లకి ట్రైగ్లిజరైడ్లు తక్కువ, హెచ్‌డీఎల్ ఎక్కువ. షుగర్ రెండు గుంపులకీ ఉన్నా గుండె దగ్గరికి వచ్చేసరికి దారులు వేరైపోయాయి. నాకు ఇది చదివినప్పుడు చాలాసేపు వేరే పని మీదికి మనసు పోలేదు.

ఇక మావారి అంకెలు. మొత్తం కొలెస్ట్రాల్ 4.9, హెచ్‌డీఎల్ 0.9, నిష్పత్తి 5.4. బీపీ పైది 134. ఇక్కడి లెక్క మిల్లీమోల్స్‌లో ఉంటుంది. మన ఊరి లెక్కలోకి మార్చాలంటే కొలెస్ట్రాల్‌ని 39తో గుణిస్తే దాదాపు సరిపోతుంది, ట్రైగ్లిజరైడ్లయితే 89తో. అంటే 4.9 అంటే 190 అన్నమాట. ఇండియాలో ఏ ల్యాబు రిపోర్టులోనైనా 200 లోపు ఉంటే పచ్చరంగే. హెచ్‌డీఎల్ 35 దగ్గర, అది మాత్రం తక్కువ. మా అత్తయ్యగారు ఫోన్‌లో "ఏమ్మా, వాడి కొలెస్ట్రాల్ ఎంతొచ్చింది?" అని అడిగి, 190 అనగానే "హమ్మయ్య" అన్నారు. మావయ్యగారి మొత్తం కొలెస్ట్రాల్ కూడా ఎప్పుడూ 200 దాటలేదని అప్పుడే నాకు చెప్పారు.

ఈ అంకెలన్నీ క్యూరిస్క్3 అనే లెక్కలో వేస్తారు. ఈ హెల్త్ చెక్‌లో అసలు సరుకు ఇదే, కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తాను. ఇది ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంటుంది, ఎవరైనా ఇంట్లో కూర్చుని వేసుకోవచ్చు. వచ్చే పదేళ్లలో గుండెపోటో స్ట్రోకో వచ్చే అవకాశం ఎంత శాతమో చెబుతుంది. పక్కనే మీ వయసు, మీ జాతి నేపథ్యం ఉన్న ఆరోగ్యవంతుడికి ఎంత ఉంటుందో చూపిస్తుంది. "గుండె వయసు" అని ఇంకో అంకె కూడా ఇస్తుంది. మావారికి 7.4 శాతం వచ్చింది, గుండె వయసు 57. శాతం చూసి ఆయన తేలిగ్గా తీసుకున్నారు కానీ 57 అన్న అంకె చూడగానే మొహం మారింది. మామూలు మనిషికి అర్థమయ్యేలా చెప్పడంలో ఆ ఒక్క అంకె చేసే పని పెద్దది. అందుకు ఒక మార్కు అక్కడే ఇచ్చేశాను.

ఆ రాత్రి నేను మిగతా అంకెలన్నీ అలాగే ఉంచి, జాతి నేపథ్యం ఒక్కటే మార్చి చూశాను. మావారి వయసు, అదే రక్తం, అదే బీపీ. "వైట్" అని పెడితే 5.7 దగ్గరికి దిగింది. పాకిస్తానీ అంటే తొమ్మిదికి దగ్గరైంది, బంగ్లాదేశీ అంటే తొమ్మిది దాటింది. బ్లాక్ ఆఫ్రికన్ అన్నా, చైనీస్ అన్నా నాలుగు లోపే. ఒకే కొలెస్ట్రాల్ అంకె మనిషిని బట్టి ఇంత మారుతుందని చెప్పడానికి ఇంతకన్నా తేలికైన మార్గం నాకు తెలియదు. మీరూ ఒకసారి చేసి చూడండి.

ఇలా జాతి నేపథ్యం అడగడం దానంతట అది వచ్చేయలేదు. పాత లెక్కలన్నీ అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊరి నుంచి వచ్చినవి. 1948లో 5,209 మందితో మొదలైన ఆ అధ్యయనం లేకపోతే కొలెస్ట్రాల్‌కీ గుండెకీ సంబంధం మనకి ఇంత స్పష్టంగా తెలిసేది కాదు, కానీ ఆ ఊళ్లో దాదాపు అందరూ తెల్లవాళ్లే. ఇంగ్లండ్ డాక్టర్లు చాలా ఏళ్లు ఆ లెక్కే వాడారు. మనవైపు మగవాళ్లకి వచ్చిన అంకెని 1.4తో గుణించుకోమని 2008లో ఇక్కడి మార్గదర్శకాలు చెప్పాయి. అదే ఏడాది జూలియా హిప్పిస్లీ-కాక్స్ బృందం క్యూరిస్క్2 తెచ్చింది, అందులో జాతి నేపథ్యం లెక్కలోనే కలిపారు. 2017లో వచ్చిన క్యూరిస్క్3ని దాదాపు 79 లక్షల మంది జీపీ రికార్డుల నుంచి తయారుచేశారు. పోస్ట్‌కోడ్ కూడా అడుగుతుంది, పేద ప్రాంతంలో ఉంటే రిస్కు పెరుగుతుంది కాబట్టి. కిడ్నీ జబ్బు, మైగ్రేన్, కీళ్లవాతం, కొన్ని మానసిక రోగాలు, స్టెరాయిడ్ మందులు అన్నీ అడుగుతుంది. మనలాంటివాళ్లని లెక్కలోకి తీసుకున్న పని ఇది, నేను గౌరవిస్తాను.

ఇప్పుడు మార్కు తగ్గించిన సంగతి.

మొదటిది, "ఇండియన్" అనే ఒక్క గడి. లెస్టర్‌లోని గుజరాతీ జైనులూ, సౌతాల్ పంజాబీలూ, చేపలపులుసు లేనిదే ముద్ద దిగని మా గోదావరివాళ్లూ అందరినీ ఒకే గాటన కట్టేశారు. శ్రీలంక తమిళులైతే "ఇతర ఆసియన్" అనే గడిలోకి వెళ్లాలి, అక్కడ రిస్కు దాదాపు తెల్లవాళ్లంతే చూపిస్తుంది. జాఫ్నా మనిషికీ నెల్లూరు మనిషికీ గుండె అంత తేడాగా ఉంటుందని నేను నమ్మను. ఆ గడిలో ఎవరెవరు కలిసిపోయారో దాన్ని బట్టి వచ్చిన సగటు అది.

రెండోది, అసలు మనకి ప్రమాదం ఎక్కడుందో అక్కడ ఈ లెక్క చూడదు. నడుము కొలత అడగదు, బీఎంఐ మాత్రమే అడుగుతుంది. మనకి లావు అనేది 25 దగ్గర కాకుండా 23 దగ్గరే మొదలవుతుందని ఇక్కడి మార్గదర్శకాలే చెబుతున్నాయి. మగవాళ్లకి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే మనకి జాగ్రత్త అవసరం. మావారి బీఎంఐ 25.4, చూడ్డానికి సన్నగానే ఉంటారు, చొక్కా లోపల మాత్రం పొట్ట ఉంది. ఇంట్లో టైలర్ టేపుతో కొలిస్తే 96. ఈ 96 అన్నది ఏ గడిలోనూ పడలేదు. ట్రైగ్లిజరైడ్లు కూడా లెక్కలో లేవు.

నా సంగతీ అంతే. రెండో కాన్పులో నాకు షుగర్ వచ్చింది, డెలివరీ అయ్యాక పోయింది. మన ఆడవాళ్లలో ఇది ఎంత మామూలో మీకు తెలుసు. తర్వాత షుగర్, గుండెజబ్బు వచ్చే అవకాశం దానివల్ల పెరుగుతుంది. క్యూరిస్క్3లో ఆ ప్రశ్న లేదు. 2024లో వచ్చిన క్యూఆర్4 అనే కొత్త లెక్కలో ప్రెగ్నెన్సీలో వచ్చే బీపీ సమస్యని కలిపారు, సంతోషం. నేను మాత్రం నా సంగతి నోటితో చెప్పాను. నర్సు వెంటనే రాసుకుని హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పేది) పరీక్షకి పంపింది. ప్రెగ్నెన్సీలో షుగర్ వచ్చినవాళ్లు అది ఏటా చేయించుకోవాలి. చేయించుకోనివాళ్లు ఉంటే ఈ వారమే అడగండి.

మూడోది, లైపోప్రొటీన్-ఎ. ఇది కొలెస్ట్రాల్‌ని మోసే ఒక కణం, 1963లో నార్వేలో కోరె బెర్గ్ కనిపెట్టారు. ఎంత ఉంటుందన్నది పుట్టుకతోనే జన్యువుల్లో రాసిపెట్టి ఉంటుంది. అన్నం తగ్గించినా, రోజూ నడిచినా మారదు. మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో విడిగా కనబడదు. యూకే బయోబ్యాంక్ అనే పెద్ద ఆరోగ్య అధ్యయనంలో చూస్తే దీని మధ్యస్థ విలువ చైనీయుల్లో 16, తెల్లవాళ్లలో 19, మన దక్షిణాసియావాళ్లలో 31, నల్లజాతివాళ్లలో 75 నానోమోల్స్. 125 దాటితే ఎక్కువ కింద లెక్క. నల్లజాతివాళ్లలో ఇది ఇంత ఎక్కువ ఉన్నా గుండెపోట్లు ఇక్కడ తక్కువే ఉన్నాయంటే, ఒక్క కణాన్ని పట్టుకుని ఒక గుంపు మొత్తం గురించి తీర్పు చెప్పలేం. కానీ ఒక కుటుంబం వరకు వస్తే చాలా చెప్పగలదు. తండ్రి 52 ఏళ్లకి పోయిన ఇంట్లో ఇది తప్పకుండా చూడాలి.

హెల్త్ చెక్‌లో ఈ పరీక్ష లేదు. మా జీపీని అడిగితే మావయ్యగారి వయసు విని ఒప్పుకుంది. మావారికి 140 వచ్చింది. ఇక్కడి కొలెస్ట్రాల్ సంస్థ హార్ట్ యూకే లెక్కలో 90 నుంచి 200 అంటే మధ్యస్థ ప్రమాదం. జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే దాదాపు సరిపోతుంది. ఇండియా రిపోర్టుల్లో ఇది ఎక్కువగా మిల్లీగ్రాముల్లో ఇస్తారు, అక్కడ 50 హద్దు. ఆ రెండు కొలతల్నీ గుణకారంతో కచ్చితంగా మార్చలేం, కణం సైజు మనిషిని బట్టి మారుతుంది కాబట్టి.

యూకే బయోబ్యాంక్ నుంచే 2021లో ఇంకో అధ్యయనం వచ్చింది. ఎనిమిది వేలకు పైగా దక్షిణాసియావాళ్లని సుమారు పదకొండేళ్లు గమనించారు. గుండెజబ్బు తెల్లవాళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు. లెక్కలు ముందే చెప్పిన రిస్కు మాత్రం రెండు గుంపులకీ దాదాపు ఒకటే, క్యూరిస్క్3తో సహా. అంటే మావారి 7.4ని నేను 7.4గా తీసుకోను.

డాలస్‌లో ఉండే మా తమ్ముడితో ఇవన్నీ మాట్లాడితే వాళ్ల పద్ధతి పూర్తిగా వేరని తెలిసింది. అక్కడ 2013 నాటి లెక్కలో తెల్లవాళ్లు, నల్లవాళ్లు అని రెండే గడులు, మనవాళ్లు తెల్లవాళ్ల గడిలోకి వెళ్లేవాళ్లు. 2018లో దక్షిణాసియా మూలాలు ఉండటం కూడా రిస్కుని పెంచే విషయమని డాక్టర్లకి రాసిచ్చారు. 2023లో వచ్చిన ప్రివెంట్ అనే కొత్త లెక్కలోంచి జాతి అన్న ప్రశ్ననే తీసేశారు. జాతి అనేది సమాజం గీసిన గీత, శరీరంలో లేదు, దాన్ని పెడితే వివక్ష పెరుగుతుంది అన్నది వాళ్ల వాదన. ఆ వాదనలో నిజం ఉంది. కానీ మా తమ్ముడు అన్నట్టు, "అక్కా, వాళ్లు అడగడం మానేస్తే మన రిస్కు తగ్గిపోదు కదా." గడి లేని లెక్క కన్నా తప్పులున్న గడి ఉన్న లెక్కే మనకి మేలని నా అభిప్రాయం. వాడి డాక్టరు గుండె రక్తనాళాల్లో కాల్షియం చూసే స్కాన్ రాశాడు. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలోనూ షికాగోలోనూ మనవాళ్ల మీదే 2010 నుంచి నడుస్తున్న "మసాలా" అనే అధ్యయనంలో, మన మగవాళ్లలో ఆ కాల్షియం తెల్ల మగవాళ్లతో సమానంగా, చైనీయులూ నల్లవాళ్లూ లాటినోల కన్నా ఎక్కువగా కనబడింది.

డాలస్ అంటే ఇంకో సంగతి. అక్కడి డాలస్ హార్ట్ స్టడీలో హెలెన్ హాబ్స్, జొనాథన్ కోయెన్ నల్లజాతివాళ్లలో కొందరికి పుట్టుకతోనే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) చాలా తక్కువ ఉండటం గమనించారు. పీసీఎస్‌కే9 అనే జన్యువు పనిచేయకపోవడమే కారణం. 2006లో ప్రచురించిన ఇంకో అధ్యయనంలో అలాంటి నల్లజాతివాళ్లకి ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువ, గుండెజబ్బు 88 శాతం తక్కువ అని తేలింది. అక్కడి నుంచి పుట్టిన ఇంజెక్షన్లు 2015 నుంచి అన్ని జాతులవాళ్లకీ ఇస్తున్నారు. ఏ గుంపుని జాగ్రత్తగా గమనించినా చివరికి అందరికీ ఉపయోగపడుతుందనడానికి నాకు ఇది పెద్ద ఉదాహరణ. మన తెలుగువాళ్ల మీద కూడా అంత జాగ్రత్తగా పరిశోధన జరగాలని నా కోరిక.

"మన రక్తంలోనే ఉంది, ఏం చేస్తాం" అనేవాళ్లకి కూడా జవాబు ఉంది. జపాన్‌లో ఉన్నవాళ్లకి, హవాయి వెళ్లిన జపనీయులకి, కాలిఫోర్నియా వెళ్లినవాళ్లకి 1960ల నుంచి పోల్చి చూస్తే గుండెజబ్బు ఆ వరుసలోనే పెరిగింది. జాతి మారలేదు, తిండీ జీవితమూ మారాయి. మన దగ్గర హైదరాబాదు సహా నాలుగు నగరాల్లో, పల్లె నుంచి వచ్చి ఫ్యాక్టరీలో చేరినవాళ్లనీ ఊళ్లోనే ఉండిపోయిన వాళ్ల అన్నదమ్ములనీ అక్కచెల్లెళ్లనీ పోల్చారు. పట్నం వచ్చినవాళ్లకి లావు, షుగర్ ఎక్కువ. అలాగని పల్లెల్లో భయం లేదనుకోవద్దు. మా గోదావరి జిల్లాల్లోనే 45 గ్రామాల్లో 2003-04లో మరణాలన్నీ నమోదు చేసి చూస్తే, 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. మావయ్యగారు పోయింది అలాంటి ఊళ్లోనే. 52 దేశాల్లో చేసి 2004లో ప్రకటించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మొదటి గుండెపోటు మన దక్షిణాసియాలో మధ్యస్థంగా 53 ఏళ్లకి వస్తే, మిగతా దేశాల్లో 59కి. ఆ అధ్యయనంలోనే, మనం మార్చుకోగలిగిన తొమ్మిది విషయాలు గుండెపోటు రిస్కులో దాదాపు 90 శాతానికి కారణమని తేలింది.

చెకప్ తర్వాత జరిగింది చెబుతాను. ఇక్కడ రిస్కు 10 శాతం దాటితే స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) ఇవ్వాలంటారు. 2023 డిసెంబరు మార్గదర్శకాల ప్రకారం 10 లోపు ఉన్నా, రిస్కు తక్కువగా అంచనా వేసి ఉండొచ్చు అనిపిస్తే కూడా ఇవ్వొచ్చు. మా జీపీ ఆ రెండో దారి తీసుకుంది. తండ్రి పోయిన వయసు, నడుము, లైపోప్రొటీన్-ఎ 140 అన్నీ కలిపి చూసి, మాట్లాడి, ఆలోచించుకోవడానికి టైమిచ్చి, అటోర్వాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు రాసింది. లైపోప్రొటీన్-ఎ తగ్గించడానికే ప్రత్యేకంగా మందు ఇంకా ఆమోదం పొందలేదు, కాబట్టి మిగతావాటిని గట్టిగా తగ్గించడమే మార్గం అని చెప్పింది. రోసువాస్టాటిన్ అయితే ఆసియావాళ్లకి 5 మిల్లీగ్రాముల నుంచి మొదలుపెట్టాలట, తూర్పు ఆసియావాళ్ల రక్తంలో అది రెట్టింపు నిలుస్తుంది. మూడు నెలలకి మళ్లీ చూస్తే మొత్తం 3.4, హెచ్‌డీఎల్ 1.0. హెచ్‌డీఎల్ కాని కొలెస్ట్రాల్ 4.0 నుంచి 2.4కి వచ్చింది. 40 శాతం తగ్గాలన్నది ఇక్కడి లక్ష్యం, సరిగ్గా అంత తగ్గింది. కండరాల నొప్పులేమీ రాలేదు.

తిండి విషయంలో మేమే కూర్చుని మార్చుకున్నాం. వెన్న తగ్గించండి, సాసేజ్‌లు తగ్గించండి అన్న సలహా మనకి పెద్దగా పనికిరాదు, మనం అవి తినేదే తక్కువ. మన సమస్య కంచం నిండా అన్నం, రాత్రి పదింటికి రెండోసారి పెరుగన్నం, పండగొస్తే నెలంతా అరిసెలు, పూతరేకులు. రాత్రి అన్నం మానేసి, పప్పు, కూర పెద్ద గిన్నెలో, రెండు చిన్న జొన్నరొట్టెలు. చేప వారానికి రెండుసార్లు, పులుసుగా, వేపుడు కాకుండా. ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి, నడుము 92కి వచ్చింది. ఇంకా దిగాలి.

ఇండియాలో ఉన్నవాళ్లు క్యూరిస్క్3 వేసుకోవచ్చా అని చాలామంది అడిగారు. వేసుకున్నా ఆ అంకెని నమ్మొద్దు. ఇంగ్లండ్‌లో ఉండేవాళ్ల రికార్డులతో చేసింది, పోస్ట్‌కోడ్ కూడా ఇక్కడిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో 21 ప్రాంతాలకి విడివిడిగా చార్టులు ఇచ్చింది, అందులో దక్షిణాసియాకి వేరుగా ఉంది. డాక్టర్‌తో కలిసి దాన్ని చూసుకోండి.

మా మరిది పాలకొల్లులోనే ఉంటాడు, 43 ఏళ్లు. ఒక ల్యాబువాళ్లు ఇంటికొచ్చి రక్తం తీసుకునే పెద్ద ప్యాకేజీ చేయించాడు. ఎన్నో పేజీల రిపోర్టు, విటమిన్లు, థైరాయిడ్, ఐరన్ అన్నీ ఉన్నాయి, లైపోప్రొటీన్-ఎ లేదు, నడుము కొలవలేదు, "మీ నాన్నగారు ఏ వయసులో పోయారు" అని అడిగిన మనిషే లేడు. కొలెస్ట్రాల్ 188, పచ్చరంగు. ఆ ఒక్క పరీక్ష విడిగా చేయించమని నేను పట్టుబడితే ఇంకో వెయ్యి రూపాయల దగ్గర అయింది. 71 మిల్లీగ్రాములు వచ్చింది. ఇప్పుడు భీమవరంలో డాక్టర్ దగ్గర చూపించుకుంటున్నాడు, స్టాటిన్ మొదలైంది. అన్నదమ్ములిద్దరిలోనూ ఎక్కువ వచ్చింది కాబట్టి తర్వాత మా పిల్లలకి కూడా చేయిస్తాం. పెద్దాడికి ఈ ఏడాది పద్దెనిమిది నిండుతాయి, జీపీకి ఇప్పటికే చెప్పి ఉంచాం.

హెల్త్ చెక్‌కి వెళ్లేవాళ్లు ఇంట్లో ఎవరు ఏ వయసులో ఏ జబ్బుతో పోయారో అమ్మానాన్నల్ని ముందే అడిగి తెలుసుకుని వెళ్లండి. లెక్కలో 60 ఏళ్ల లోపు తల్లిదండ్రులు, తోబుట్టువులకి వచ్చినవే పడతాయి, మేనమామలు, బాబాయిలకి వచ్చినవి పడవు. అయినా నోటితో చెప్పండి. నడుము ఇంట్లోనే బొడ్డు దగ్గర కొలుచుకుని ఆ అంకె కూడా చెప్పండి. ఆడవాళ్లు కాన్పుల్లో వచ్చిన షుగర్, బీపీ సంగతి దాచకండి. గుండె వయసు ఎంతొచ్చిందో అడిగి రాయించుకోండి. ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు ఉంటే లైపోప్రొటీన్-ఎ పేరు మీరే ఎత్తండి.